జాన్ బాయ్డ్ డన్లప్

జాన్ బాయ్డ్ డన్లప్ (ఫిబ్రవరి 5, 1840 - అక్టోబరు 23, 1921) స్కాట్లండులో జన్మించి ఐర్లండులో స్థిరపడిన పశువైద్యుడు. గాలి నింపిన రబ్బరు టైరును నిత్యజీవితంలో వాడుకకు పనికివచ్చే రూపంలో తయారుచేసిన వ్యక్తిగా ఇతడు ప్రపంచ ప్రసిద్ధుడు. 1888లో ఈ టైరుకు ఇతడు పొందిన పేటెంటు (ఏకస్వ హక్కు) రెండు సంవత్సరాలకే చెల్లకుండా పోయింది. అదే భావనకు రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరొక స్కాట్లండు దేశస్థుడు 1845లోనే పేటెంటు పొంది ఉండడం ఇందుకు కారణం. హక్కు పోయినా, సంపద ఇతరుల పరమైనా, టైరుకు మాత్రం డన్లప్ పేరే స్థిరపడింది. వాహనాల కుదుపును గాలితో తగ్గించే సాధనాలపై నడిచిన పేటెంటు వివాదాలలో ఇది తొలినాటిది, మిక్కిలి ప్రసిద్ధమైనది.

బాల్యం, విద్య

డన్లప్ స్కాట్లండులోని ఎయిర్‌షైర్ ప్రాంతానికి చెందిన డ్రెగ్‌హార్న్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. నెలలు నిండకముందే పుట్టినందువల్ల తన ఆరోగ్యం అంతంత మాత్రమన్న అభిప్రాయం అతనికి జీవితాంతం ఉండేది. పశువుల మధ్య పెరిగిన డన్లప్ ఎడిన్‌బరో నగరంలోని డిక్ పశువైద్య కళాశాలలో చదివి పట్టా పొందాడు. కొన్నేళ్ళు స్కాట్లండులోనే వృత్తి సాగించి, 1867లో ఐర్లండుకు వెళ్ళాడు.

పశువైద్య వృత్తి

ఐర్లండులో మొదట డౌన్‌పాట్రిక్ పట్టణంలో సోదరుడు జేమ్స్‌తో కలిసి పశువైద్యశాల నెలకొల్పాడు. 1871లో మార్గరెట్ స్టీవెన్సన్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఒక కుమార్తె, ఒక కుమారుడు. తరువాత డన్లప్ తన వైద్యశాలను బెల్‌ఫాస్ట్ నగరంలోని మే వీధికి మార్చాడు. 1880ల మధ్యకాలానికి అది ఐర్లండులోని అతి పెద్ద పశువైద్యశాలలలో ఒకటిగా పేరు పొందింది.

ఆనాటి నగరాలలో రవాణా అంతా గుర్రాల మీదనే ఆధారపడి ఉండేది. రాళ్ళు పరచిన వీధులలో బండ్లు లాగే గుర్రాలకు వైద్యం చేయడం డన్లప్ నిత్యకృత్యం. ఈ వృత్తిలో రబ్బరుతో పనిచేసిన అనుభవమూ అతనికి ఉంది. అతడు ఇంజనీరు కాడు, సైకిలు తొక్కే అలవాటూ అతనికి లేదు. నలభై ఏడేళ్ళ వయసులో, తాను ఎన్నడూ చదవని శాస్త్రానికి సంబంధించిన సమస్యను అతడు చేపట్టాడు.

గాలి టైరుకు ముందు చక్రాలు

కొయ్య చక్రానికి ఇనుప పట్టా బిగించడం వేల సంవత్సరాల నాటి పద్ధతి. పట్టా చక్రాన్ని అరుగుదల నుంచి కాపాడుతుంది గాని, దారిలోని ప్రతి రాతి దెబ్బనూ ఇరుసుకు, ఇరుసు నుంచి బండికి, బండి నుంచి మనిషికి, పశువుకు చేరవేస్తుంది. అనంతపురం జిల్లా బెళుగుప్ప, కళ్యాణదుర్గం, ఉరవకొండ వంటి మెట్ట ప్రాంతాలలో రాళ్ళ బాటల మీద వేరుశనగ మూటలతో పట్టా చక్రాల బండి తోలినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

బండికి ఉక్కు స్ప్రింగులు అమర్చడం డన్లప్ నాటికే వాడుకలో ఉంది. అయితే స్ప్రింగు ఇరుసుకు పైన ఉంటుంది. రాయి తగిలినప్పుడు చక్రం, ఇరుసు ముందుగా ఎగిరిపడిన తరువాతనే స్ప్రింగు పని మొదలవుతుంది. ఆ ఎగిరిపడడంలో ముందుకు సాగవలసిన శక్తి కొంత వృథా అవుతుంది. గాలి టైరు ఈ పనిని నేలను తాకే చోటనే చేస్తుంది. రాయి ఎదురైనప్పుడు టైరు ఆ రాయి ఉన్న మేరకు లోనికి అణగి, దానిని తనలో ఇముడ్చుకుంటుంది. లోపలి గాలి నొక్కుకుని, రాయి దాటగానే తిరిగి విప్పారుతుంది. నొక్కుకున్నప్పుడు దాచుకున్న శక్తిలో అధికభాగాన్ని గాలి తిరిగి ఇచ్చివేస్తుంది. ఇరుసు దాదాపు ఒకే ఎత్తులో సాగిపోతుంది. ఈ విధంగా చూస్తే గాలి టైరు చక్రం చుట్టూ చుట్టిన గాలి స్ప్రింగే. కుదుపు తగ్గడమే కాక, బండి తేలికగా కూడా నడవడానికి ఇదే కారణం.

తొలి ప్రయోగం

డన్లప్ కుమారుడు జానీ బెల్‌ఫాస్ట్ వీధులలో మూడు చక్రాల సైకిలు తొక్కేవాడు. దాని చక్రాలకు గట్టి రబ్బరు అంచులు ఉండేవి. రాళ్ళు పరచిన వీధిలో ఆ సైకిలు కుదుపులు భరించరానివిగా ఉండేవి. దీనికి పరిష్కారం వెదకుతూ 1887 అక్టోబరులో డన్లప్ తన ఇంటి పెరట్లో ఒక ప్రయోగం చేశాడు. సుమారు 96 సెంటీమీటర్ల వ్యాసం గల కొయ్య పలక చక్రాన్ని తీసుకుని, పలుచని రబ్బరు రేకుతో చేసిన గొట్టాన్ని దాని అంచు చుట్టూ అమర్చాడు. గొట్టాన్ని గుడ్డతో చుట్టి బిగించి, గాలి నింపాడు.

తరువాత ఈ చక్రాన్ని, కుమారుని సైకిలు నుంచి తీసిన మామూలు చక్రాన్ని పెరట్లో దొర్లించి చూశాడు. మామూలు చక్రం కొంత దూరం పోయి పడిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటి, ద్వారం స్తంభానికి తగిలి వెనుకకు తిరిగి వచ్చింది. ప్రయోగశాల, కొలత పరికరాలు ఏవీ లేకుండానే, దొర్లడంలో వృథా అయ్యే శక్తి గాలి చక్రానికి చాలా తక్కువని ఈ చిన్న పరీక్ష తేల్చింది. ఆపై సైకిలు వెనుక చక్రాలు రెంటికీ గాలి టైర్లు తొడిగాడు. 1888 ఫిబ్రవరి నెలాఖరున జానీ ఆ సైకిలును తొక్కి చూశాడు. తరువాత రెండు చక్రాల సైకిలుకు పెద్ద టైర్లు చేసి, దక్షిణ బెల్‌ఫాస్ట్‌లోని చెర్రీవేల్ క్రీడా మైదానంలో పరీక్షించగా ఫలితాలు ఇంకా మెరుగ్గా వచ్చాయి.

పేటెంటు, సైకిలు పందేలు

డన్లప్ 1888 జూలైలో పేటెంటుకు దరఖాస్తు చేసుకున్నాడు. అదే సంవత్సరం డిసెంబరు 7న 10607 సంఖ్యతో పేటెంటు మంజూరైంది. బెల్‌ఫాస్ట్‌లోని ఎడ్లిన్ అండ్ సింక్లేర్ అనే సైకిళ్ళ తయారీదారులు ఈ టైర్లతో సైకిళ్ళు తయారుచేసి అమ్మసాగారు. లావుగా, ఉబ్బి ఉన్న ఈ టైర్లను చూసి మొదట జనం నవ్వారు.

బెల్‌ఫాస్ట్ క్రూయిజర్స్ సైకిల్ క్లబ్బు నాయకుడు విలియం హ్యూమ్ ఈ టైర్లు గల సైకిలును కొన్నాడు. డన్లప్ ప్రోత్సాహంతో దానిని పందేలలో వాడాడు. 1889 మే 18న బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కళాశాల క్రీడోత్సవంలో జరిగిన నాలుగు సైకిలు పందేలలోనూ హ్యూమ్ గెలిచాడు. కొద్దికాలానికే ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఒక్కటి తప్ప మిగిలిన పందేలన్నీ గెలిచాడు. దీనితో అపహాస్యం ఆగిపోయింది. పందెగాళ్ళందరూ గాలి టైర్లు కావాలనడం మొదలుపెట్టారు.

సంస్థ స్థాపన

హ్యూమ్ చేతిలో ఓడినవారిలో హార్వీ డుక్రో అనే డబ్లిన్ వ్యాపారి కుమారులు ఉన్నారు. డుక్రో ఐరిష్ సైకిలు సంఘానికి అధ్యక్షుడు. కుమారుల ఓటమికి కారణం ప్రత్యర్థి కాళ్ళ బలం కాదని, చక్రాల మహిమ అని అతడు గ్రహించాడు. డన్లప్‌ను కలిసి, పేటెంటు హక్కులను సంస్థకు అప్పగించేందుకు ఒప్పించాడు. 1889 నవంబరులో 25,000 పౌండ్ల మూలధనంతో డబ్లిన్ నగరంలో న్యూమాటిక్ టైర్ అండ్ బూత్స్ సైకిల్ ఏజెన్సీ అనే సంస్థ ఏర్పడింది. వ్యాపార నిర్వహణ డుక్రో చేతిలో ఉండగా, డన్లప్ సంచాలకులలో ఒకనిగా కొనసాగాడు. సంస్థ ప్రధాన ఆస్తి డన్లప్ పేటెంటే.

థామ్సన్ పేటెంటు బయటపడడం

సంస్థ ఏర్పడి ఏడాది గడవగానే పెద్ద దెబ్బ తగిలింది. డన్లప్ పేటెంటు చెల్లదని 1890లో అతనికి అధికారికంగా తెలియజేశారు. రాబర్ట్ విలియం థామ్సన్ అనే ఇంజనీరు నలభై ఐదేళ్ళ క్రితమే ఇదే ఆవిష్కరణను పేటెంటు పత్రంలో వివరించి ఉన్నాడు.

థామ్సన్ (1822 - 1873) స్కాట్లండులోని స్టోన్‌హేవెన్‌లో జన్మించాడు. 1845లో ఇరవై మూడేళ్ళ వయసులో బ్రిటనులోను, 1846లో ఫ్రాన్సులోను, 1847లో అమెరికాలోను పేటెంట్లు పొందాడు. రబ్బరు పట్టించిన గుడ్డ గొట్టంలో గాలి నింపి, దానిపై తోలు తొడుగు వేసి, చక్రానికి మరలతో బిగించడం అతని పద్ధతి. 1847లో లండనులోని రీజెంట్స్ పార్కులో ఈ చక్రాలు గల గుర్రపు బండ్లను నడిపి చూపించాడు. ఒక జత టైర్లు 1,200 మైళ్ళు నడిచాయి.

అయినా థామ్సన్ టైరు నిలదొక్కుకోలేదు. ఆనాడు మంచి రబ్బరు దొరకడం కష్టం, ధర అధికం. అన్నింటినీ మించి, అటువంటి టైరు అవసరమైన వాహనం అప్పటికి లేదు. గుర్రపు బండిలో శ్రమ గుర్రానిది, యజమానికి స్ప్రింగులు చాలు. తన కాళ్ళతో తానే చక్రం తిప్పుకునే మనిషికే గాలి టైరు విలువ తెలుస్తుంది. రెండు చక్రాలూ సమానంగా ఉండి, గొలుసుతో నడిచే నేటి తరహా సైకిలు 1885 ప్రాంతంలో గాని రాలేదు. థామ్సన్ గాలి టైరును విడిచి గట్టి రబ్బరు టైర్ల వైపు మళ్ళి, 1867లో ఆవిరితో రోడ్డుపై నడిచే బండికి వాటిని అమర్చాడు. ఇటువంటి బండ్లను 1870ల తొలినాళ్ళలో నేటి పాకిస్తాన్‌లోని పంజాబు రోడ్లపై క్రాంప్టన్ అనే అధికారి నడిపాడు. థామ్సన్ 1873లో మరణించాడు. డన్లప్ ప్రయోగం నాటికి అతని గాలి టైరును అందరూ మరచిపోయారు. డన్లప్‌కు థామ్సన్ పేరైనా తెలియదు.

పేటెంటు ఎందుకు ఇచ్చారు, ఎందుకు చెల్లలేదు

ఉన్న విషయానికే మళ్ళీ పేటెంటు ఎలా ఇచ్చారన్న సందేహం పాఠకులకు కలుగవచ్చు. బ్రిటనులో 1883 నాటి పేటెంటు చట్టం ప్రకారం దరఖాస్తు సక్రమంగా ఉన్నదా, వివరణ స్పష్టంగా ఉన్నదా అని మాత్రమే అధికారులు చూసేవారు. ఆ విషయం కొత్తదా కాదా అని పాత పత్రాలు తిరగవేసే బాధ్యత వారికి లేదు. ఆ చట్టం ప్రారంభ రుసుమును 25 పౌండ్ల నుంచి 4 పౌండ్లకు తగ్గించడంతో దరఖాస్తులు వెల్లువెత్తాయి. 1901లో ఫ్రై అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం, పరిశీలించిన పేటెంట్లలో నూటికి 42 పాతవాటిలో ముందే వివరింపబడి ఉన్నాయని తేల్చింది. ఆ తరువాతనే 1902లో చట్టాన్ని సవరించి, 1905 నుంచి గత యాభై సంవత్సరాల బ్రిటిష్ పేటెంట్లను వెదికి చూసే పద్ధతి ప్రవేశపెట్టారు. డన్లప్ ఉదంతం ఒంటరి సంఘటన కాదు, ఆ వ్యవస్థలోని లోపానికి ఒక ఉదాహరణ.

ఇక పేటెంటు చెల్లకపోవడానికి కారణం థామ్సన్ హక్కు ఇంకా అమలులో ఉండడం కాదు. ఆనాటి పేటెంటు కాలపరిమితి 14 సంవత్సరాలు కాబట్టి థామ్సన్ హక్కు 1859 నాటికే ముగిసింది. అతని వారసులు డన్లప్‌ను అడ్డుకోలేరు. అయితే పేటెంటు అనేది సమాజానికీ ఆవిష్కర్తకూ మధ్య జరిగే ఒప్పందం వంటిది. ఆవిష్కర్త తన రహస్యాన్ని పూర్తిగా వెల్లడిస్తాడు. అందుకు ప్రతిఫలంగా కొంతకాలం ఏకస్వ హక్కు పొందుతాడు. గడువు తీరాక ఆ జ్ఞానం అందరిదీ అవుతుంది. థామ్సన్ వెల్లడించిన విషయం 1859 తరువాత లోకం సొత్తు. లోకం సొత్తును తిరిగి లోకానికే అమ్మడం కుదరదు. డన్లప్ దానిని చదవలేదన్నది నిజమే అయినా, చట్టం దృష్టిలో ఆ నిజాయితీకి విలువ లేదు. ఎవరైనా చదవగలిగే పత్రంలో ముందుగా ప్రకటితమై ఉంటే చాలు, కొత్తదనం పోయినట్లే.

భారతదేశపు 1970 నాటి పేటెంటు చట్టంలోనూ ఇదే సూత్రం ఉంది. ముందే ప్రచురితమైన, బహిరంగంగా తెలిసిన విషయమని నిరూపిస్తే 25వ సెక్షను కింద పేటెంటును వ్యతిరేకించవచ్చు, 64వ సెక్షను కింద రద్దు కోరవచ్చు.

సంస్థ నిలిచిన విధం

మూల పేటెంటు పోవడంతో గాలి టైరు ఎవరైనా చేసుకోవచ్చునన్న స్థితి వచ్చింది. డన్లప్ సంస్థ మూతపడవలసినదే. దానిని కాపాడినది డన్లప్ టైరులోని ఒక పెద్ద లోపం కావడం విశేషం.

డన్లప్ తొలి టైరును చక్రం అంచుకు గుడ్డతో చుట్టి, రబ్బరు ద్రావణంతో అంటించేవారు. ముల్లు గుచ్చుకుంటే ఆ కట్టంతా విప్పాలి, అతుకు వేయాలి, మళ్ళీ చుట్టి అంటించి ఆరనివ్వాలి. ఒక్క పంక్చరుకు కొన్ని గంటలు పట్టేది. టైరును సులభంగా ఊడదీసి మళ్ళీ బిగించే ఉపాయం కనుగొన్నవారిదే వ్యాపారమని అందరికీ అర్థమైంది. 1890లో నెల రోజుల తేడాతో రెండు పరిష్కారాలు వచ్చాయి.

* ఛార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ (సెప్టెంబరు 1890): టైరు రెండు అంచులలోనూ సాగని తీగ చుట్లను ఇమిడ్చి, మధ్యలో పల్లంగా ఉండే రిమ్ము మీద కూర్చోబెట్టే పద్ధతి. ఒకవైపు అంచును పల్లంలోకి నెడితే రెండవవైపు అంచు రిమ్ము దాటి బయటకు వస్తుంది. నేటి సైకిలు, మోటారు టైర్లలో అంచున ఉండే తీగకు మూలం ఇదే.
* విలియం ఎర్‌స్కిన్ బార్ట్‌లెట్ (అక్టోబరు 1890): టైరు అంచును ఉబ్బుగా చేసి, లోనికి వంగిన రిమ్ము అంచు కింద అది ఇరుక్కునేలా చేసే పద్ధతి. లోపలి గాలి ఒత్తిడే దానిని గట్టిగా పట్టి ఉంచుతుంది.

హార్వీ డుక్రో ఈ రెండింటి ప్రాధాన్యాన్ని వెంటనే గుర్తించి ఆ పేటెంట్ల హక్కులను సంస్థకు సంపాదించాడు. గాలి టైరు అనే భావన లోకం సొత్తు అయినా, ఆ టైరును రిమ్ముకు బిగించే మేలైన మార్గాలు డన్లప్ సంస్థ చేతిలో ఉండిపోయాయి. ఫ్రాన్సులో మిషలిన్ సోదరులు 1891లో తమ సొంత పద్ధతిలో ఊడదీయగల టైరు చేశారు. ఆ టైర్లతోనే షార్ల్ టెరాన్ అదే సంవత్సరం పారిస్ - బ్రెస్ట్ - పారిస్ సైకిలు పందెం గెలిచాడు.

న్యాయస్థానాలలో

వెల్చ్, బార్ట్‌లెట్ పేటెంట్ల బలంతో సంస్థ తన పోటీదారులపై అనేక వ్యాజ్యాలు వేసింది. వాటిలో రెండు పేటెంటు న్యాయశాస్త్రంలో నిలిచిపోయాయి.

మొదటిది నీల్ అనే వ్యాపారిపై 1899లో తీర్పు వచ్చిన వ్యాజ్యం. అతడు అరిగిపోయిన డన్లప్ టైర్ల నుంచి తీగలను మాత్రం ఉంచుకుని, వాటిపై కొత్త రబ్బరు తొడుగు వేసి ఇచ్చేవాడు. కొన్న వస్తువును బాగుచేసుకునే హక్కు యజమానికి ఉన్నదని, అయితే పాత తీగ చుట్టూ కొత్త టైరునే నిర్మించడం మరమ్మతు అనిపించుకోదని, అది పేటెంటు ఉల్లంఘనేనని న్యాయస్థానం తేల్చింది. మరమ్మతు ఎక్కడ ముగుస్తుంది, తయారీ ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్న నేటికీ పేటెంటు వివాదాలలో వస్తూనే ఉంది.

రెండవది మోస్లీ సంస్థపై 1904లో తీర్పు వచ్చిన వ్యాజ్యం. మోస్లీవారు పైతొడుగులు మాత్రమే విడిగా అమ్మేవారు. పేటెంటు తొడుగు, ట్యూబు, రిమ్ముల కలయికకే గాని విడి తొడుగుకు లేదని, అందువల్ల తొడుగు అమ్మడం ఉల్లంఘన కాదని ఇక్కడ న్యాయస్థానం నిర్ణయించింది. అదే సంవత్సరం వెల్చ్, బార్ట్‌లెట్ పేటెంట్ల గడువు కూడా తీరిపోయింది.

పేటెంట్లు పోయిన తరువాత సంస్థ తన టైర్లను నిర్ణీత ధరకు తక్కువగా అమ్మరాదని వర్తకులతో ఒప్పందాలు రాయించుకుంది. దీని నుంచి పుట్టిన రెండు వ్యాజ్యాలలో 1914, 1915లలో ప్రభువుల సభ తీర్పులు ఇచ్చింది. సెల్ఫ్‌రిడ్జ్ సంస్థపై వేసిన వ్యాజ్యంలో డన్లప్ సంస్థ ఓడిపోయింది. సెల్ఫ్‌రిడ్జ్‌కు మధ్యవర్తితోనే గాని డన్లప్‌తో చెల్లుబాటయ్యే ఒప్పందం లేదని సభ తేల్చింది. న్యూ గరాజ్ సంస్థపై వేసిన వ్యాజ్యంలో గెలిచింది. భారతదేశంలో న్యాయశాస్త్ర విద్యార్థులు కాంట్రాక్టు చట్టం పాఠాలలో ఈ తీర్పులను నేటికీ చదువుతారు. ఆ వ్యాజ్యాల నాటికి డన్లప్ జీవించే ఉన్నాడు గాని, వాటితో అతనికి ఏ సంబంధమూ లేదు.

సంస్థ నుంచి నిష్క్రమణ

డన్లప్ 1895లో సంస్థ నుంచి తప్పుకున్నాడు. అప్పటికి సైకిలు మీద మోజు ఐరోపా అంతా వ్యాపించి, టైర్ల గిరాకీ మిన్నంటింది. మరుసటి సంవత్సరం, అంటే 1896లో, ఎర్నెస్ట్ టెరా హూలీ అనే ఫైనాన్షియరు సంస్థను 30 లక్షల పౌండ్లకు కొన్నాడు. సంచాలకుల పట్టికలో బిరుదులున్న ప్రభువుల పేర్లు చేర్చి, కొద్ది కాలానికే దానిని 50 లక్షల పౌండ్లకు ప్రజలకు అమ్మాడు. రెండేళ్ళు తిరగకుండానే 1898లో హూలీ దివాలా తీశాడు. సంస్థ మాత్రం డుక్రో కుటుంబం నిర్వహణలో నిలిచి, మోటారు కార్ల టైర్ల తయారీలోకి ప్రవేశించి, డన్లప్ రబ్బర్ కంపెనీగా బ్రిటనులోని పెద్ద పరిశ్రమలలో ఒకటిగా ఎదిగింది.

తన పేరుతో ఇన్ని లక్షలు చేతులు మారినా డన్లప్‌కు దక్కినది స్వల్పం. పశువైద్యం విడిచిపెట్టిన తరువాత అతడు డబ్లిన్‌లో స్థిరపడి, టాడ్ బర్న్స్ అనే వస్త్రాల వ్యాపార సంస్థకు అధ్యక్షుడుగా పనిచేశాడు.

చివరి జీవితం

డన్లప్ డబ్లిన్ శివారులోని బాల్స్‌బ్రిడ్జ్‌లో శేషజీవితం గడిపాడు. గాలి టైరు ఎలా పుట్టిందో తన వైపు నుంచి వివరిస్తూ ఒక చరిత్ర రాసుకున్నాడు. అది అతని మరణానంతరం పుస్తకంగా వెలువడింది. పేటెంటు పోయినా, తాను ఎవరినీ అనుకరించలేదన్న విషయం నమోదు కావాలని అతడు కోరుకున్నట్లు ఈ పుస్తక రచనే తెలియజేస్తుంది. 1921 అక్టోబరు 23న తన 81వ ఏట మరణించాడు. డబ్లిన్ సమీపంలోని డీన్స్ గ్రేంజ్ శ్మశానవాటికలో అతని సమాధి ఉంది.

భారతదేశంలో డన్లప్ పేరు

డన్లప్ సంస్థ 1936లో పశ్చిమ బెంగాల్‌లోని హుగ్లీ నది ఒడ్డున సాహాగంజ్‌లో టైర్ల కర్మాగారం స్థాపించింది. 1959లో మద్రాసు సమీపంలోని అంబత్తూరులో రెండవది ప్రారంభమైంది. సైకిలు, లారీ టైర్లతో పాటు ఎడ్లబండి టైర్లు కూడా దేశమంతటా వ్యాపించాయి. ఇనుప పట్టా స్థానంలో గాలి టైరు రావడంతో ఎడ్ల మెడ మీద భారం తగ్గింది, అదే జత ఎక్కువ బరువు లాగగలిగింది, రోడ్లు కోసుకుపోవడం కూడా తగ్గింది. గుర్రాల వైద్యుడు తన కుమారుని సైకిలు కోసం చేసిన పని చివరకు పశువులకూ మేలు చేసింది. తరువాతి దశాబ్దాలలో యాజమాన్యాలు మారి, ఈ రెండు కర్మాగారాలూ మూతపడ్డాయి. బ్రిటనులోని మాతృసంస్థ 1985లో బీటీఆర్ అనే సంస్థ పరమై, డన్లప్ పేరు వస్తువును బట్టి వేర్వేరు సంస్థల మధ్య పంపకమైంది.

తెలుగువారి ఇళ్ళలో డన్లప్ అంటే టైరు కంటే ముందు పరుపు గుర్తుకు వస్తుంది. రబ్బరు పాలను గిలకొట్టి నురుగుగా చేసి గట్టిపరచే పద్ధతిని 1929లో డన్లప్ సంస్థ పరిశోధకులు కనుగొన్నారు. ఆ పరుపు డన్లప్ పరుపుగా వాడుకలోకి వచ్చింది. జాన్ బాయ్డ్ డన్లప్‌కు ఈ పరుపుతో ఎటువంటి సంబంధమూ లేదు.

తరువాతి గాలి స్ప్రింగులు

టైరులోని గాలి చిన్న కుదుపులను మింగగలదు గాని, పెద్ద గోతులను కాదు. అందువల్ల ఇరుసుకు, వాహనానికి మధ్య కూడా గాలిని స్ప్రింగుగా వాడే ప్రయత్నాలు సాగాయి. 1953 నుంచి అమెరికాలో జనరల్ మోటార్స్ బస్సులకు గాలి స్ప్రింగులు అమర్చారు. ఫ్రాన్సులో సిట్రోయెన్ సంస్థ 1954 - 55లలో వాయువును, నూనెను కలిపి పనిచేయించే పద్ధతిని కార్లలో ప్రవేశపెట్టింది. డన్లప్ సంస్థ కూడా బస్సులకు గాలి స్ప్రింగులు తయారుచేసింది. స్ప్రింగు ఊగిసలాటను అణచే షాక్ అబ్సార్బర్లు వీటికి తోడయ్యాయి. ఈ సాధనాలలో వాయువు స్ప్రింగుగా పనిచేస్తుందన్న మూలభావన పాతదే. పేటెంట్లు లభించినవి, వివాదాలు నడిచినవి అమరికల మీదనే. 1890 నాటి అనుభవమే ఇక్కడా పునరావృతమైంది.

ఆవిష్కర్త ఎవరు

గాలి టైరును మొదట ఊహించి, చేసి, నడిపి చూపినవాడు థామ్సన్. ఈ విషయంలో ఇప్పుడు భేదాభిప్రాయం లేదు. దానిని స్వతంత్రంగా తిరిగి కనుగొని, దాని అవసరం ఉన్న కాలంలో, అవసరం ఉన్న వాహనానికి తొడిగినవాడు డన్లప్. దానిని సులభంగా ఊడదీసి బిగించగలిగేలా చేసినవారు వెల్చ్, బార్ట్‌లెట్. దానితో ధనం గడించినవారు డుక్రో, హూలీ. ఒకే వస్తువు వెనుక ఇందరు ఉండగా లోకం ఒక్కరి పేరునే గుర్తుంచుకుంది. థామ్సన్‌కు పేటెంటు దక్కింది, ఫలితం దక్కలేదు. డన్లప్‌కు పేటెంటూ నిలవలేదు, ధనమూ నిలవలేదు, పేరు మాత్రం మిగిలింది. మంచి ఆలోచన ఒక్కటే చాలదని, దానికి తగిన పదార్థం, తగిన అవసరం, తగిన కాలం కలిసిరావాలని ఈ ఇద్దరు స్కాట్లండువారి జీవితాలు తెలియజేస్తాయి.

విశేషాలు

* డన్లప్ తయారుచేసిన తొలి గాలి టైరు ఎడిన్‌బరోలోని స్కాట్లండు జాతీయ మ్యూజియంలో ఉంది.
* ఉత్తర ఐర్లండులో నార్తర్న్ బ్యాంకు జారీచేసిన 10 పౌండ్ల నోటుపై డన్లప్ చిత్రాన్ని ముద్రించారు.
* 2005లో అమెరికాలోని ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో డన్లప్ పేరు చేర్చారు.
* మన సైకిలు ట్యూబులకు ఉండే, సన్నని రబ్బరు గొట్టం తొడిగిన వాల్వును వుడ్స్ వాల్వు అని, డన్లప్ వాల్వు అని అంటారు.

ఇవి కూడా చూడండి

* రాబర్ట్ విలియం థామ్సన్
* సైకిలు
* టైరు
* పేటెంటు
* ఎడ్లబండి